డబ్బా మీది కిలోమీటర్లు కాదు.. యాంటెన్నా సంగతి చూడండి!

‘పది పాసై, 18 ఏళ్లు నిండితే చాలు.. డ్రోన్ పైలట్ అయిపోవచ్చు. కొద్దిరోజుల శిక్షణ, చేతికి సర్టిఫికెట్, ఆపైన ఉద్యోగమే ఉద్యోగం!’ ఇలాంటి ప్రకటన మీ ఫోన్లోకి ఈ మధ్య ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. అర్హత విషయంలో అందులో అబద్ధమేమీ లేదు. డ్రోన్ నిబంధనలు-2021 ప్రకారం గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ తీసుకోవడానికి కావాల్సింది నిజంగానే అంతే.

అవకాశాలు కూడా ఉత్త మాటలు కావు. 2024 అక్టోబరులో మంగళగిరిలో డ్రోన్ సమ్మిట్ జరిగింది. ఆ సందర్భంగా విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఒకేసారి ఆకాశంలోకి లేచాయి. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అన్నారు. కేంద్రం ‘నమో డ్రోన్ దీదీ’ పేరుతో 15,000 మహిళా సంఘాలకు పిచికారీ డ్రోన్లు ఇచ్చే పథకం పెట్టింది. నర్సీపట్నం లాంటి ఊళ్లలో డిప్లొమా, ఇంజినీరింగ్ చదివే పిల్లలు దీన్ని చూసి ఉత్సాహపడటం సహజమే.

కానీ ఒక్క మాట. ఎగరేయడం రోజురోజుకూ తేలికైపోతోంది. దాన్ని చాలావరకు యంత్రమే చేసేస్తోంది. అందరికీ వచ్చే పనికి జీతం ఎంత పెరుగుతుందో మీరే ఆలోచించండి. తేలిక కానిది ఇంకోటుంది. చేతిలోని రిమోట్‌కీ, గాల్లోని యంత్రానికీ మధ్య ఉన్న రేడియో బంధం. అది ఎందుకు నిలుస్తుందో, ఎందుకు తెగుతుందో చెప్పగలిగేవారు తక్కువ. ఆ విద్య నేర్చుకోవడానికి లక్షల రూపాయల డ్రోన్ అక్కర్లేదు. ఓ చిన్న ఆర్‌సీ మోడల్ విమానం, దానిలోని రిసీవర్, దానికి వేలాడే రెండు సన్నటి తీగలు చాలు. సర్టిఫికెట్‌కు డబ్బు కట్టే ముందు ఆ తీగల సంగతి తెలుసుకోండి అన్నదే ఈ వ్యాసం సారాంశం.

మూడు సెంటీమీటర్ల తీగ

ఆర్‌సీ సెట్ కొనేటప్పుడు అందరం ముందు చూసేది ఏమిటి? ‘రేంజ్ ఎంత?’ డబ్బా మీద ఒక కిలోమీటరనో, రెండు కిలోమీటర్లనో రాసి ఉంటుంది. ఆ అంకె అడ్డేమీ లేని మైదానంలో, యాంటెన్నాలు సరిగ్గా ఉన్నప్పుడు వచ్చేది. మీ విమానంలో ఎంత వస్తుందో తేల్చేది కంపెనీ కాదు, రిసీవర్‌ను మీరు బిగించిన తీరు.

నేటి సెట్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 31 మిల్లీమీటర్లు. రిసీవర్ నుంచి బయటకు వచ్చే తీగ పొడవుగా కనిపించినా, అందులో సిగ్నల్ పట్టేది చివర పైపూత తీసేసి ఉన్న ఆ మూడు సెంటీమీటర్ల ముక్కే. మిగతాదంతా ఆ ముక్కను మంచి చోటికి చేర్చే కేబుల్. ‘తీగ అడ్డొస్తోంది’ అని చివర కత్తిరిస్తే పోయేది అడ్డు కాదు, యాంటెన్నాయే.

ఆ ముక్క ఎక్కడుండాలి? బ్యాటరీ, మోటారు వైర్లు, స్పీడ్ కంట్రోలర్.. వీటికి దూరంగా. కార్బన్ ఫైబర్‌కు మరీ దూరంగా. చూడ్డానికి ప్లాస్టిక్‌లా ఉన్నా కార్బన్ ఫైబర్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, రేడియో తరంగాన్ని అడ్డుకుంటుంది. థర్మోకోల్, ఫోమ్, బల్సా చెక్కలతో ఆ బెడద లేదు.

ఇక దిశ. నిటారుగా నిలబెట్టిన తీగ చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో పరుచుకుంటుంది. పక్కలకు బలంగా ఉంటుంది, తీగ కొన చూపించే వైపు మాత్రం దాదాపు ఏమీ ఉండదు. గారె మధ్యలో చిల్లు ఉన్నట్టే! చాలామంది రిమోట్ యాంటెన్నా కొనను తుపాకీలా విమానం వైపు గురిపెడతారు. అంటే సరిగ్గా ఆ చిల్లునే విమానానికి చూపిస్తున్నారన్నమాట. రిసీవర్‌కు రెండు యాంటెన్నాలు ఉంటే వాటిని ఒకదానికొకటి లంబంగా, ‘ఎల్’ ఆకారంలో పెట్టమనేది ఇందుకే. విమానం ఎటు తిరిగినా ఏదో ఒకటి మీకు పక్క చూపిస్తుంది.

ఇవి చిన్న విషయాల్లా అనిపిస్తున్నాయా? లెక్క చూద్దాం. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దిశ తప్పిన యాంటెన్నా వల్ల ఒక్కోసారి 20 డెసిబెల్స్ దాకా పోవచ్చు. 20 డెసిబెల్స్ పోయాయంటే దూరం పదో వంతుకు పడిపోయినట్టే. రెండు కిలోమీటర్ల సెట్ 200 మీటర్లకు దిగిపోతుంది. పైసా ఖర్చు లేని పొరపాటుకు ఇంత మూల్యం!

ముందు తెగేది తిరుగు కబురు

ఇప్పుడు టెలిమెట్రీకి వద్దాం. మన ఆజ్ఞ పైకి వెళ్లడం ఒక దారి. ‘నా బ్యాటరీ ఇంత ఉంది, నాకు సిగ్నల్ ఇంత అందుతోంది’ అని విమానం కిందికి కబురు పంపడం రెండో దారి. ఆ తిరుగు కబురే టెలిమెట్రీ. దాన్ని పంపేది గాల్లో ఉన్న రిసీవరే. పేరుకు రిసీవర్, కానీ అదీ చిన్న ట్రాన్స్‌మీటరే.

చాలా సెట్లలో తిరుగు దారి బలహీనం. రిమోట్ 100 మిల్లీవాట్లతో పంపుతుంటే గోరంత రిసీవర్ అంతకంటే తక్కువతో పంపుతుంది. ఉదాహరణకు 25 మిల్లీవాట్లనుకోండి. నాలుగో వంతు శక్తి అంటే 6 డెసిబెల్స్ తక్కువ. అంటే సగం దూరం. అందుకే రిమోట్ ‘టెలిమెట్రీ లాస్ట్’ అని అరిచేసరికి విమానం ఇంకా మీ మాట వింటూనే ఉంటుంది.

ఇక్కడ కుర్రాళ్లు రెండు రకాలుగా తప్పు చేస్తారు. ఒకరు కంగారుపడి స్టిక్కులు ఇష్టమొచ్చినట్టు లాగి విమానాన్ని నేలకు కొడతారు. ఇంకొకరు ‘ఎప్పుడూ అరిచేదే’ అని అలారం తీసేస్తారు. రెండూ తప్పే. కబురు ఆగిందంటే మీరు హద్దుకు దగ్గరవుతున్నారని అర్థం. నెమ్మదిగా వెనక్కి తిప్పుకోవడమే పని.

అంతకంటే విలువైనది రికార్డు. చాలా రిమోట్లు టెలిమెట్రీని మెమొరీ కార్డులో దాచుకుంటాయి. ఇంటికొచ్చాక ఆ అంకెలు తీసి చూడండి. సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో ఉంటుంది. మైనస్ 60 కంటే మైనస్ 90 బలహీనం. దూరంతోపాటు నెమ్మదిగా తగ్గుతూ వస్తే అది సహజం. దగ్గర్లోనే ఉన్నా, విమానం ఎడమకు తిరిగిన ప్రతిసారీ గుంట పడుతోందా? అయితే అది రేంజ్ సమస్య కాదు. ఆ వైపు బ్యాటరీయో, వైరో యాంటెన్నాకు అడ్డొస్తోంది. చోటు మార్చండి, మళ్లీ ఎగరేయండి, మళ్లీ చూడండి. ఇంజినీరింగ్ అంటే ఇదే.

చంద్రయాన్-2 గుర్తుందా? 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున విక్రమ్ ల్యాండర్ చంద్రుడి నేలకు 2.1 కిలోమీటర్ల ఎత్తులో ఉండగా సంబంధం తెగిపోయింది. ల్యాండర్ పోయింది, కానీ అప్పటిదాకా అది పంపిన డేటా మిగిలింది. ఇస్రో ఆ డేటాను కూర్చుని చదివింది, లోపాలు వెతికింది, దిద్దుకుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది. తెగిపోయిన చోట ఏడ్చి ఊరుకోకుండా తెగేముందు ఏం జరిగిందో చదవడం.. మీ థర్మోకోల్ విమానానికీ ఇదే పద్ధతి.

కొండల దగ్గర ఉండటం అదృష్టమే

‘మా ఊళ్లో ల్యాబులెక్కడివి?’ అంటారా? నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే బస్సెక్కండి. లంబసింగి ఘాట్‌లో మలుపు మలుపుకీ ఫోన్ సిగ్నల్ ఎలా వచ్చి పోతుందో చూడండి. అధిక పౌనఃపున్యం తరంగం కొండను చుట్టుకుని రాదు. ఎదురెదురుగా కనపడాల్సిందే. పుస్తకంలో ‘లైన్ ఆఫ్ సైట్’ అని ఒక వాక్యంలో చదివేది ఇక్కడ ఓ గంట ప్రయాణంలో ఒంటికి పడుతుంది.

మైదానంలోనూ పాఠం ఉంది. రేడియో తరంగం దారం లాంటిది కాదు. దానికి మధ్యలో లావుగా ఉండే ఒక దారి కావాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒక కిలోమీటరు దూరానికి ఆ దారి మధ్యలో సుమారు ఐదున్నర మీటర్ల వ్యాసార్థం ఉంటుంది. ఎదిగిన చెరకు తోట మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరే డ్రోన్‌ మీ కంటికి కనిపిస్తున్నా సిగ్నల్ తగ్గడానికి కారణం ఇదే. తోట ఆ దారిలో సగాన్ని తినేస్తుంది. పచ్చి ఆకులోని నీరు ఇంకొంత పీల్చేస్తుంది. మరి పరిష్కారం? ఎక్కువ పవరున్న రిమోట్ కొనడం కాదు. గట్టు మీదికెక్కి నిలబడటం. దూరం రెట్టింపు కావాలంటే పవరు నాలుగింతలు కావాలి. గట్టు ఎక్కడానికి ఖర్చేముంది?

‘రిటర్న్ టు హోమ్’ ఉందిగా అంటారా?

ఈ మాట తరచూ వినిపిస్తుంది. ‘సిగ్నల్ పోతే అదే వెనక్కి వచ్చేస్తుంది కదా, ఇదంతా మనకెందుకు?’ న్యాయమైన ప్రశ్నే.

నిజమే, వస్తుంది. జీపీఎస్ సరిగ్గా ఉంటే, బయల్దేరిన చోటు సరిగ్గా నమోదై ఉంటే, వచ్చే దారిలో అది ఎగిరే ఎత్తు కంటే ఎత్తయిన కొండ లేకపోతే! ఏజెన్సీ అంచున ఉన్న ఊళ్లలో ఆ చివరి షరతు చిన్నదేం కాదు. ఇక మామూలు ఆర్‌సీ విమానంలో జీపీఎస్సే ఉండదు. ఫెయిల్‌సేఫ్ మీరు అమర్చకపోతే కొన్ని సెట్లలో సిగ్నల్ పోయినప్పుడు చివరి ఆజ్ఞే కొనసాగుతుంది. అంటే ఇంజిన్ పూర్తి వేగంలో ఉండగా బంధం తెగితే అదే వేగంతో ఎటో వెళ్లిపోతుంది.

పిచికారీ పని చూద్దాం. పది లీటర్ల ట్యాంకు డ్రోన్ నిండుగా ఉంటే 25 కిలోల దాకా తూగుతుంది. యాంటెన్నా తప్పుగా ఉండి మూడు చాళ్లకోసారి అది పని వదిలి వెనక్కి వచ్చేస్తుంటే రైతు ఊరుకుంటాడా? ‘ఏటి బాబూ, మందు కొట్టడానికొచ్చారా, ఆడుకోడానికొచ్చారా?’ అని అడుగుతాడు. ఇక అదుపు తప్పి కూలీల మీద పడితే? అది ఆట కాదు, ప్రాణాలతో వ్యవహారం. ఆటోపైలట్ ఉన్నది బంధం తెగినప్పుడు కాపాడటానికి. తెగకుండా చూడటం మనిషి పని. జీతమిచ్చేది ఆ పనికే.

మోడల్ విమానం కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరాలని నిబంధన. మనం ఎగరేసేది 400 మీటర్లలోనే అయితే 1,600 మీటర్ల రేంజ్ దేనికి? గొప్పకు కాదు. ఆ తేడా 12 డెసిబెల్స్. అది ఇంట్లో దాచుకున్న సొమ్ము లాంటిది. విమానం పక్కకు వాలినా, చెట్టు అడ్డొచ్చినా అందులోంచి ఖర్చవుతుంది. దాన్ని కూడా దూరం వెళ్లడానికే వాడేస్తే ఆపదలో చేతిలో ఏమీ మిగలదు.

915 కొనే ముందు ఆగండి

ఎక్కువ దూరం కావాలని ఆన్‌లైన్‌లో 915 మెగాహెర్ట్జ్ సెట్లు తెప్పించుకునేవారున్నారు. తక్కువ పౌనఃపున్యానికి దూరం ఎక్కువ వస్తుందన్నది నిజం. అయితే 915 సెట్లు ఎక్కువగా అమెరికా నిబంధనలకు తగ్గట్టు చేసినవి, 902 నుంచి 928 దాకా వాడుకుంటాయి. మన దగ్గర ఫోన్లు టవర్లకు పంపే 900 బ్యాండ్ (890-915) దానిమీదికే వస్తుంది. మన దేశంలో లైసెన్సు అక్కర్లేనివి 2.4 గిగాహెర్ట్జ్ (2400-2483.5 మెగాహెర్ట్జ్), 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు, అవీ నిర్ణీత పవరు పరిమితిలో. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు ‘ఏ బ్యాండ్‌లో, ఎంత పవరుతో వాడావు?’ అని అడిగితే తడబడకుండా చెప్పగలగాలి. చట్టం తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

నాలుగు ఆదివారాలు.. ఒక నోట్‌బుక్

మొదటి వారం: ఫెయిల్‌సేఫ్ అమర్చండి. ప్రొపెల్లర్ తీసేసి, రిమోట్ ఆపి, మోటారు ఆగుతోందో లేదో చూడండి. ఇది తేలకుండా ఏ విమానమూ లేవకూడదు.

రెండో వారం: రిమోట్‌లో ‘రేంజ్ చెక్’ మోడ్ పెట్టండి. అది పవరును బాగా తగ్గిస్తుంది. సాధారణంగా 30 మీటర్ల దగ్గర అదుపు నిలవాలి. సెట్‌తో వచ్చిన పుస్తకంలో ఎంతుందో చూసుకోండి. స్నేహితుడు విమానాన్ని పట్టుకుని ఎనిమిది దిక్కులకూ తిప్పుతుంటే సిగ్నల్ అంకె రాసుకోండి.

మూడో వారం: యాంటెన్నా చోటు మార్చి మళ్లీ అవే ఎనిమిది అంకెలు. రెండింటినీ ఒకే గ్రాఫ్ మీద గీయండి. పాఠ్యపుస్తకంలో కంఠస్థం చేసిన రేడియేషన్ ప్యాట్రన్ మీ చేతిరాతలో కనిపిస్తుంది.

నాలుగో వారం: ఊరికి దూరంగా ఖాళీ స్థలంలో ఎగరేసి లాగ్ తీయండి. వెళ్లేముందు ఆ చోటు ఏ జోన్‌లో ఉందో డ్రోన్ మ్యాప్‌లో చూసుకోండి, స్థానిక పోలీసులకు ఓ మాట చెప్పండి. మన ప్రాంతంలో ఇది మరీ అవసరం.

దీనంతటికీ కావాల్సింది టెలిమెట్రీ ఉన్న ఒక మామూలు ఆరు ఛానెళ్ల సెట్, థర్మోకోల్ విమానం. నలుగురు కలిసి కొంటే భారం కాదు. ఇంకాస్త ఆసక్తి ఉంటే ‘ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్’ లాంటి ఓపెన్ సోర్స్ వ్యవస్థ ఉంది. టెలిమెట్రీకి ఎన్ని ప్యాకెట్లు కేటాయించాలో, పవరు ఎంత ఉండాలో మీరే మార్చి ఫలితం చూసుకోవచ్చు.

ఈ చదువు ఎటు తీసుకెళ్తుంది?

డ్రోన్ తయారీ, మరమ్మతు కేంద్రాలు ఒక దారి. అదొక్కటే కాదు. బెంగళూరు దగ్గర బ్యాలాలులో చంద్రయాన్-1 కోసం నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నాను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. డీఆర్‌డీవో వారి డీఎల్‌ఆర్‌ఎల్ అక్కడే ఉంది. శ్రీహరికోటలో ప్రతి రాకెట్ వెంటా టెలిమెట్రీ బృందం కూర్చుంటుంది. ఫోన్ టవర్ల సిగ్నల్ కొలిచేవారికి కూడా కావాల్సింది ఈ డెసిబెల్స్ లెక్కే. విద్యార్థుల కోసం నిర్వహించే క్యాన్‌శాట్ ఇండియా పోటీలోనూ డబ్బాడంత ఉపగ్రహం కిందికి సక్రమంగా కబురు పంపిందా లేదా అన్నది ముఖ్యం.

హ్యామ్ రేడియో ఇంకో తలుపు. 12 ఏళ్లు దాటినవారు ఎవరైనా పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఇందుకోసం పనిచేస్తోంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన వేళ పోర్ట్‌బ్లెయిర్ నుంచి కబుర్లు చేరవేసింది. సరదాగా నేర్చుకున్న యాంటెన్నా విద్య ఆ రోజు ఎన్ని కుటుంబాలకు ఊరటనిచ్చి ఉంటుందో ఊహించండి.

కాలేజీలకూ ఒక మాట

ఈసీఈ, డిప్లొమా ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు యాంటెన్నా ఒక సబ్జెక్టు. సమీకరణాలు రాస్తారు, బొమ్మలు గీస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. కానీ ఓ తీగను చేత్తో తిప్పి అంకె మారడం చూసినవారు ఎందరు? సెమిస్టర్‌కు రెండు పూటలు కాలేజీ మైదానంలో ఈ రేంజ్ పరీక్ష చేయించడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు. ల్యాబ్ రికార్డులో రెండు పేజీలు దీనికి కేటాయిస్తే చాలు. ఖరీదైన పరికరాలు వచ్చేదాకా ఆగడం సాకు మాత్రమే.

తల్లిదండ్రులు ‘ఈ బొమ్మ విమానాలతో టైం వేస్ట్’ అనుకోవచ్చు. వాళ్లకు ఆ నోట్‌బుక్ చూపించండి. సర్టిఫికెట్ వద్దని ఎవరూ అనడం లేదు, వాణిజ్యపరంగా ఎగరేయాలంటే అది కావాల్సిందే. అయితే ఇంటర్వ్యూ గదిలో అలాంటి కాగితం పట్టుకుని పదిమంది కూర్చుంటారు. ‘మా విమానం ఎడమకు తిరిగితే సిగ్నల్ పడిపోయేది. ఇదిగో కారణం, ఇదిగో మార్చాక వచ్చిన గ్రాఫ్’ అని చెప్పగలిగేవారు వాళ్లలో ఒకరుంటారేమో. ఆ ఒకరు మీరు కావాలంటే వచ్చే ఆదివారం ఫెయిల్‌సేఫ్‌తో మొదలుపెట్టండి.